తాళం తీసిన గింజ

ఆ ఎండకాలం కడుపు రాయిలెక్కయింది.
పొద్దుగాల నాలుగింటికి డ్యూటీ.
కల్వకుర్తి డిపోల ఒక చాయి, రెండు బిస్కిట్లు,
దేవరకొండల ఇంకో చాయి, సల్లారిన మిర్చీ.
నడుమ నీళ్లు ముట్టకపోయేది.
తాగితే ఆపుకునుడెట్ల?
డెబ్బై మంది నడుమ నిలబడ్డ ఆడకండక్టర్‌కు
దారి పొడుగున చాటు దొరకదు.

డాక్టరు రిపోర్టు మీద గీత కొట్టిండు:
ప్రొటీన్ తక్కువ.
ఒక డబ్బా రాసిండు.
డబ్బా మీద కండలు తిరిగినోడు నవ్వుతుండు,
ధర చూసి నేను గూడ నవ్విన.

వంగూరు గేటు కాడ ఎక్కేది ఈదమ్మ,
సంకల గంప, గంప మీద తడిబట్ట.
మిషన్ నొక్కితే సున్నా రూపాయల టిక్కెట్టు.
"ఉత్తగ ఎక్కుడు నాకు సయించదు, ఇది పట్టు" అని
మోదుగాకు దొప్పల ఉలవగుడాలు,
మీద ఉల్లిగడ్డ, ఇంత కారం.

"వద్దు పెద్దమ్మా, గ్యాసు" అన్న.
మెల్లగనే అన్న గని బస్సంత ఇన్నది.
డ్రైవర్ జాంగీర్ అద్దంలకెల్లి సూసి
ఎవరూ అడ్డం లేకున్నా హారన్ కొట్టిండు.

ఈదమ్మ నవ్వలే.
"గ్యాసు గింజది కాదు, నీ తొందరది.
గింజ నీ కోసం పుట్టిందనుకున్నవా?
అది దాని బిడ్డకు కట్టిన సద్ది.
ఎవరూ దోసుకోకుండ తాళమేసి పెట్టుకుంటది.
ఉడికీ ఉడకంగనే మింగితే కడుపుల కయ్యం పెడ్తది.
రాత్రంత నీళ్లల్ల బతిమాలాలె.
ఆ నీళ్లు పారబోసి, బట్టల మూటగట్టి
దండేనికి ఏలాడదియ్యాలె.
ఒక పొద్దు గడిస్తే
వాన పడ్డదనుకుంటది పిచ్చిది,
ముక్కు బయట పెడ్తది,
తాళం తనే తీస్తది.
అప్పుడు మెత్తగ ఉడకబెట్టి నమలాలె.
కడుపుల పండ్లు లెవ్వు గద."

మోసం గదనె అది, అన్న.
"అవ్. తినుడంతా అంతే.
అందుకే పిడికెడు తిను, గంపెడు తినకు."

పిడికెడుతోనే మొదలైంది.
మొదటి వారం కడుపు మాట ఇనలే.
పాత ముచ్చట్లన్నీ గొణిగింది, ఉరిమింది.
రెండో వారం పెసర్లు, ఆ తర్వాత అనుములు, బొబ్బర్లు,
ఆదివారం నువ్వులు, పల్లీలు దంచిన పొడి.
వంగూరు దాటినంక చిల్లర లెక్కబెట్టినట్టు
నమిలిన నములుడు లెక్కబెట్టిన.
పొద్దుగాల బాత్రూంల యుద్ధం ఆగింది.
సాయంత్రానికి కాళ్లల్ల ఇంత మిగులుతుండె,
ఫుట్‌బోర్డు ఎక్కంగ రాడ్ పట్టుకునుడు మర్చిపోయిన.

కని గింజ ఉత్తగ అరగదు, నీళ్లడుగుతది.
నీళ్లు తాగితే
ఆపేదొకటి అడగాలె.
పదకొండేండ్ల సర్వీసుల అడగని మాట
డిండి కాడ అడిగిన:
"జాంగీర్ భాయ్, ఐదు నిమిషాలు ఆపు."
ఆయన ఎందుకని అడగలే.
నా ఎనుకనే పన్నెండు మంది ఆడోళ్లు దిగిండ్రు,
ఎన్నేండ్ల సంది ఎదురుసూసిండ్రో.

మూడు నెలలకు రిపోర్టుల అంకె కొంచెమే జరిగింది.
"ఏ డబ్బా వాడినవ్?" అన్నడు డాక్టరు.
స్టీలు డబ్బా అన్న.
రాసుకోబోయి ఆగిండు.

మొన్న వానల
బస్సు కడిగే పిలగాడు పిలిచి సూపెట్టిండు:
ఎనుక మెట్టు సందుల, ఇంత మట్టిల
రెండాకులేసిన ఉలవమొలక.
ఈదమ్మ గంపలకెల్లి జారిందో, నా దొప్పలకెల్లో.
దీన్ని ఎవరూ మోసం చెయ్యలే,
నిజం వానకే లేసింది.
పైపు పక్కకు తిప్పమన్న.

ఐదేండ్ల లోపు పిల్ల,
టిక్కెట్టు లేదు.